వస్తువులు, ప్రమేయాలు: ఒక పట్టిక కథ

ఒక ఉపాధ్యాయుడు నల్లబల్లపై పట్టిక గీసినాడనుకోండి. ఎడమవైపు వృత్తం, దీర్ఘచతురస్రం, త్రిభుజం అని ఒకదాని క్రింద ఒకటి వ్రాసినాడు. పైన వైశాల్యం, చుట్టుకొలత అని వ్రాసినాడు. అడ్డువరుసలు 3, నిలువువరుసలు 2, మొత్తం 6 గడులు, గడికొక సూత్రం. ఈ సూత్రాలను కంప్యూటరుకు అడ్డువరుసల చొప్పున అప్పగించాలా, నిలువువరుసల చొప్పుననా? చూడ చిన్నదైన ఈ ప్రశ్న వెనుక అర్ధశతాబ్దికి మించిన చరిత్ర ఉన్నది.

మొదటి మార్గం నార్వేలో పుట్టినది. ఆస్లో నగరంలోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ నిజజీవితంలోని వ్యవస్థల నడకను కంప్యూటరుపై అనుకరించి చూచుటకు ఒక భాషను నిర్మించినారు. 1967 నాటి వారి సిమ్యులా 67లో ప్రతి వస్తువు తన వివరాలను, తాను చేయగల పనులను తనతోనే ఉంచుకొంటుంది. వృత్తం తన వ్యాసార్ధాన్నీ, తన రెండు సూత్రాలనూ ఒకేచోట మూటకట్టుకొంటుంది. ఇది అడ్డువరుసల పద్ధతి. దీనినే ఆబ్జెక్ట్ పద్ధతి అంటారు. సి ప్లస్ ప్లస్, 1995లో వెలువడిన జావా దీనిని లోకమంతటా వ్యాపింపజేసినవి.

రెండవ మార్గం స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో రూపు దిద్దుకొన్నది. రాడ్ బర్‌స్టాల్, డేవిడ్ మెక్వీన్, డాన్ సానెల్లా 1980లో హోప్ అనే భాషను ప్రకటించినారు. అక్కడి హోప్ పార్క్ స్క్వేర్ పేరే దానికి పెట్టినారు. ఇందులో దత్తాంశం ఏయే రూపాలలో ఉండవచ్చునో ముందే చెప్పాలి. ఆకృతి అనగా వ్యాసార్ధం గల వృత్తం, లేదా పొడవు వెడల్పులు గల దీర్ఘచతురస్రం, లేదా మూడు భుజాల కొలతలు గల త్రిభుజం. పనులు దీనికి వెలుపల ఉంటాయి. వైశాల్యం ఒక ప్రమేయం; అందులో రూపానికొక సమీకరణం. ఇది నిలువువరుసల పద్ధతి. దీనిని ఫంక్షనల్ పద్ధతి అంటారు.

ఇట్టి దత్తాంశ రకాలకు బీజీయ రకాలని పేరు. రెండు వివరాలు కలిసి ఉండవలసినచోట సాధ్యతలను గుణించాలి. రెండింటిలో ఒకటే ఉండవలసినచోట కూడాలి. 3 రంగులు, 2 స్థితులు తీసుకోండి. రంగు, స్థితి రెండూ కావాలంటే 3 × 2 = 6 విధాలు; రంగు లేదా స్థితి అంటే 3 + 2 = 5 విధాలే.

మొదటి మార్గంలో ఆరితేరినవారు కొందరు ఈ ‘లేదా’ దగ్గరనే తడబడతారు. వ్యాసార్ధం, పొడవు, వెడల్పు అన్నింటినీ ఒకే నమూనాలో పెట్టి, అక్కరలేని వాటిని ఖాళీగా విడుస్తారు. అప్పుడు వ్యాసార్ధమూ పొడవూ రెండూ గల అసంభవమైన ఆకృతి సైతం లోనికి చొరబడగలదు. ‘లేదా’ అని చెప్పినచోట దానికి తావే ఉండదు.

అయితే ప్రతి మార్గానికీ వెల ఉన్నది. కొత్తగా షడ్భుజిని చేర్చాలంటే వస్తువుల మార్గంలో ఒక అడ్డువరుస చాలును; ప్రమేయాల మార్గంలో ప్రతి ప్రమేయాన్నీ సవరించాలి. గురుత్వ కేంద్రం కనుగొను పనిని చేర్చాలంటే వ్యవహారం తారుమారవుతుంది: ప్రమేయం ఒక్కటి చాలును, వస్తువులన్నింటినీ మాత్రం సవరించాలి. ఈ రెండు మార్గాలు పరస్పర పూరకాలని జాన్ రేనాల్డ్స్ 1975లోనే చూపినాడు. రెండు దిక్కులకూ సులభంగా పెంచుట ఎట్లన్న చిక్కుకు ఫిలిప్ వాడ్లర్ 1998లో, అంకగణిత సమాసాలను ఉదాహరణగా తీసుకొని, ‘సమాస సమస్య’ అని పేరు పెట్టినాడు.

ఎడింబరోలోనే రాబిన్ మిల్నర్ ప్రారంభించిన ఎం.ఎల్. భాష హోప్ పద్ధతిని తనలో కలుపుకొన్నది. 1990లో ప్రచురితమైన స్టాండర్డ్ ఎం.ఎల్. నిర్వచనం ప్రకారం, ఏదైనా రూపానికి సమీకరణం వ్రాయుట మరచితే కంపైలరు హెచ్చరించాలి. షడ్భుజిని చేర్చినవాడు సవరింపవలసిన చోట్లను అదే వేలుపెట్టి చూపుతుంది. ఆస్లో దారిలో పెరిగిన జావా సైతం 2021లో రూపాల జాబితాను ముందే ముగించి చెప్పు సౌకర్యాన్నీ, 2023లో రూపాన్నిబట్టి సమీకరణాన్ని ఎంచుకొను సౌకర్యాన్నీ స్వీకరించినది.

కనుక ఈ రెండింటిలో ఏది గొప్పది అన్నది సరియైన ప్రశ్న కాదు. పట్టిక రేపు క్రిందికి పెరుగుతుందా, ప్రక్కకు పెరుగుతుందా అని ముందుగా ఆలోచించినవానికి మార్గం తానే తోస్తుంది.