లోగో దగ్గరే ఆగిపోతే...

లాప్‌టాపు ఆన్ చేస్తాం. కంపెనీ లోగో వస్తుంది, కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతాయి, కాసేపటికి అవీ ఆగిపోతాయి. ఇక అంతే. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి, మళ్ళీ ఆన్ చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకోవడమే మనలో చాలామంది చేసే ట్రబుల్‌షూటింగు! ఆఫీసులో లాగు చూడందే అడుగు ముందుకెయ్యని మనం ఇక్కడ ఇలా ఎందుకైపోయాం? తప్పు పూర్తిగా మనది కాదు లెండి. ఎక్కడ ఆగిందో చెప్పే అలవాటు ఒకప్పుడు ఈ యంత్రాలకి ఉండేది.

1981 నాటి ఐబీఎం పీసీ ఆన్ చెయ్యగానే తనని తాను పరీక్షించుకునేది. అంతా బాగుంటే ఒక చిన్న బీప్. కీబోర్డు తేడాగా ఉంటే తెరమీద 301 అనే అంకె. ముక్కుసూటి మనిషన్నమాట. 1993లో ఎమ్మెస్ డాస్ 6 వచ్చాక, ఎఫ్8 నొక్కితే కాన్ఫిగ్.సిస్‌లో ఒక్కో లైనూ నడపాలా వద్దా అని అడిగేది. ఏ డ్రైవరు దగ్గర బిగుసుకుపోయిందో వేలుపెట్టి చూపించొచ్చు.

విండోస్ 95 వీటన్నిటి మీదా మబ్బుల బొమ్మ కప్పింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఎస్కేప్ మీట నొక్కితే ఆ బొమ్మ తప్పుకుని వెనకున్న డాస్ సందేశాలు కనిపించేవి. సేఫ్ మోడ్ వచ్చిందీ దాంతోనే. ఎఫ్8 మెనూలో ఇంకో సదుపాయం కూడా ఉండేది, లాగు రాసుకుంటూ బూటవడం. తర్వాత బూట్‌లాగ్.టెక్స్ట్ తెరిచి చూస్తే, చివర్లో ఎవరి పేరుంటే అనుమానం వాళ్ళమీదే. మామూలు జనానికి దక్కిన బూట్ డీబగ్గర్లలో అంత మంచిది మళ్ళీ రాలేదని నా అభిప్రాయం.

2012లో విండోస్ 8 ఎఫ్8ని డిఫాల్టుగా పనిచెయ్యకుండా చేసింది. బూటు ఎంత వేగమైపోయిందంటే, మీట నొక్కడానికి దొరికే వ్యవధి 200 మిల్లీసెకన్లలోపేనని మైక్రోసాఫ్టు వివరణ. బదులుగా, బూటు వరసగా విఫలమైతే రికవరీ తెర దానంతటదే వస్తుంది. పవర్ బటన్‌తో రెండుమూడుసార్లు ఆపమని మీ సిస్టమ్ అడ్మిన్ చెప్పేది అందుకే. చేతబడి కాదు!

ఇదంతా ఎంత ఖరీదైన వ్యవహారమో 2024 జులై 19న తెలిసొచ్చింది. మన టైము ప్రకారం పొద్దున్న 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ ఒక చెడ్డ ఫైలు పంపింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకుంది. ఈలోగా మైక్రోసాఫ్టు లెక్కన 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరకి చేరాయి. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మందు చిన్నదే, సేఫ్ మోడ్‌లోకెళ్ళి సి-00000291తో మొదలయ్యే ఫైలు తీసెయ్యడం. కానీ బూటే కాని యంత్రాన్ని దూరం నుంచి బాగుచేసేదెలా? చాలాచోట్ల ఒక్కోదాని దగ్గరికీ మనిషి వెళ్ళాల్సొచ్చింది. వెళ్తే అది 48 అంకెల బిట్‌లాకర్ కీ అడిగింది. కొన్ని కంపెనీల్లో ఆ కీలున్న సర్వరూ నీలితెర మీదే ఉంది! అన్నట్టు, అజ్యూర్ వర్చువల్ మెషీన్లని 15 సార్ల దాకా రీబూట్ చెయ్యాల్సి రావొచ్చని మైక్రోసాఫ్టే చెప్పింది. మన దణ్ణం పద్ధతికి అధికారిక ముద్ర పడిందన్నమాట.

ఆ పాత లాగు మాత్రం చచ్చిపోలేదు. రికవరీ తెరలో స్టార్టప్ సెట్టింగ్స్‌కి వెళ్ళి 2 నొక్కితే, విండోస్ ఫోల్డర్లో ఎన్‌టీబీటీలాగ్.టెక్స్ట్ తయారవుతుంది. మరీ మొదట్లోనే ఆగిపోతే అందులో ఏమీ ఉండదు, అది వేరే సంగతి. బిట్‌లాకర్ కీ మాత్రం ఇవాళే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆ కాగితం లాప్‌టాపు సంచీలో పెట్టకండేం!