సాని శబ్దము – అర్థపరిణామము

‘సాని’ యను శబ్దము నేటి వ్యవహారమున ఒంటరిగా వినబడినచో నిందార్థమునే స్ఫురింపజేయుచున్నది. ‘దొరసాని’ యనినచో గౌరవమును, ‘మంత్రసాని’ యనినచో ఒక వృత్తియు తోచును. ఒకే పదమునకు ఈ మూడు గతు లెట్లు పట్టినవో విచారించుట శబ్దచరిత్రకే గాక శాసనపఠనమునకును ఆవశ్యకము.

సంస్కృత ‘స్వామినీ’ శబ్దమునకు ‘సాని’ తద్భవమని నిఘంటుకారుల మతము. స్వామిని యనగా యజమానురాలు, ఏలిక. ఈ మూలార్థము కాకతీయుల కాలమునకు చెక్కుచెదరలేదు. సూర్యాపేటకు సమీపమున నున్న పిల్లలమఱ్ఱిలో రేచెర్ల బేతిరెడ్డి భార్య యగు ఎఱుకసాని క్రీ. శ. 1208లో ఎఱకేశ్వరాలయమును నిర్మింపజేసెను. ఇచ్చట ‘సాని’ యనునది పురుషనామముల తుదనుండు ‘రెడ్డి’, ‘నాయకుడు’ మున్నగు వానికి జోడైన గౌరవవాచకమే.

ఆ కాలముననే దేవాలయసేవ యందున్న స్త్రీలకును ఈ పదము చెల్లినది. వారు గుడిసానులు. వారి సమూహమునకు ‘సానిమున్నూఱు’ అను పేరును శాసనములలో గలదు. వారు తమ పేరనే దేవునికి దానములు చేసిరి. కొందఱు తాము నాయకుల కూతులమనియు, సెట్ల కూతులమనియు చెప్పుకొనిరి. తండ్రుల పేళ్లను శిలపై నిలుపుకొన్నవారు ఈ పదమును అవమానముగా నెంచిరనుట పొసగదు.

ఈ రెండు ‘సాని’ శబ్దములును వేఱని కొందఱు శంకింపవచ్చును. కాని గుడిసాని యనుట నాడు హీనమై యుండినచో, సామంతుల యిండ్ల స్త్రీలు అదే పదమును తమ పేళ్ల తుద నిలుపుకొనియుండరు. కావున గౌరవవాచకమే ఆలయమునకు వ్యాపించినదనుట యుక్తము.

కాలక్రమమున ఆలయముల ఆదరణ సన్నగిల్లి, సేవ వెనుకబడి, వృత్తి మాత్రము మిగిలినది. పదముతో పాటు దాని గౌరవమును పోయినది. 1897లో ప్రకటితమైన ‘కన్యాశుల్కము’ నాటికి సాని యనగా వేశ్య యనియే లోకవ్యవహారము. మదరాసు రాజ్యమున 1947లోను, ఆంధ్రప్రదేశమున 1988లోను వచ్చిన చట్టములు దేవదాసీ సమర్పణమును నిషేధించినవి. ఆచారమునకు చట్టము అడ్డుపడగలిగినది గాని పదమునకు అంటిన మచ్చ తొలగలేదు.

‘దొరసాని’లో పూర్వపదము రక్షణమైనది, కనుకనే ఆంగ్లేయుల పాలనలో అది తెల్లవారి స్త్రీలకును మర్యాదగా వర్తించినది. ‘మంత్రసాని’ని వృత్తి కాపాడినది. తోడు లేని ‘సాని’యే పతనమైనది.

కావున శాసనములను పరిష్కరించు విద్యార్థులు ‘సాని’ కనబడిన ప్రతిచోటను ‘వేశ్య’ యని వ్రాయుట తగదు. సందర్భమును, దాతృనామమును, బంధువాచకములను పరిశీలించి అర్థము నిర్ణయింపవలెను. లేనిచో ఆలయములు కట్టించిన యజమానురాండ్రకును, దీపములు పెట్టిన సేవికలకును తరువాతి శతాబ్దముల నిందను మనమే అంటగట్టినవారమగుదుము.