గట్టును మరచిన లెక్క

రెండు పొలములు కలియుచోట గట్టుండును. ఆ గట్టును లెక్కలో వేయని సర్వేయరు పొరపడక తప్పదు. లోహమును, కర్బన పదార్థపు పలుచని పొరయు కలియుచోట శాస్త్రజ్ఞులకు ఇట్టి పొరపాటే జరిగినది.

లోహమునుండి ఎలక్ట్రానును వెలికి లాగుటకు కావలసిన శక్తిని పని ప్రమేయము అందురు. బంగారమునకిది 5 ఎలక్ట్రాన్ వోల్టులకు మించును. కాల్షియమునకు 3 కంటె తక్కువ. లోహమునుండి అర్ధవాహకములోనికి పోవు ఎలక్ట్రాను ఒక మెట్టు ఎక్కవలెను. రెండు పదార్థములను విడివిడిగా కొలిచి, ఆ శక్తుల తేడానుబట్టి మెట్టు ఎత్తు చెప్పవచ్చునని 1938 ప్రాంతమున మాట్, షాట్కీ సూచించిరి. సిలికాను వంటి వానియందు ఈ సూత్రము సరిగా నిలువలేదు. ఉపరితలమున చిక్కుకొను ఎలక్ట్రానులే కారణమని 1947లో బార్డీన్ వివరించెను. కర్బన అణువులకు తెగిన బంధములు లేవు గదా, వానియందు సూత్రము చెల్లునని పలువురు నమ్మిరి.

1987లో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో టాంగ్, వాన్‌స్లైక్ అనువారు రెండు కర్బన పొరలతో, 10 వోల్టులకు లోపుననే వెలుగు దీపమును ప్రకటించిరి. నాటినుండి మెట్టు ఎత్తు పుస్తకములలోని ప్రశ్నగా మిగిలిపోలేదు. మెట్టు ఎత్తైనచో వోల్టేజి వృథా. తగ్గించుటకు కాల్షియము వాడినచో అది తేమ గాలికి చెడిపోవును.

1990 దశకమున జపానులోని నగోయాలో సెకి, ఇషీ బృందమును, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో కాన్ బృందమును నేరుగా కొలిచి చూచిరి. శూన్యములో శుభ్రమైన లోహముపై కర్బన పదార్థమును కొంచెము కొంచెముగా పేర్చుచు, అతినీలలోహిత కిరణములు పంపి, ఊడివచ్చు ఎలక్ట్రానుల శక్తిని లెక్కించిరి. తొలిపొర పడగానే శక్తిమట్టము జరిగినది. బంగారముపై ఈ తేడా సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు వరకును కనబడెను!

కారణమేమి? పాలు పొంగినపుడు నురుగు గిన్నె అంచు దాటునట్లు, లోహపు ఎలక్ట్రానులు ఉపరితలము దాటి కొంచెము వెలుపలికి చిమ్మియుండును. అణువు వచ్చి కూర్చుండగానే, మూతవలె, వానిని లోనికి నెట్టును. అందుచే పని ప్రమేయము తగ్గును. లోహముతో రసాయనికముగా కలియని అణువు సైతము ఈ పని చేయగలదు. ఇదియే లెక్కలో విడిచిన గట్టు.

సరిహద్దును దిద్దిన ఫలితము దొరకునని 1997లోనే తేలినది. అల్యూమినియము క్రింద 1 నానోమీటరుకు మించని లిథియం ఫ్లోరైడు పొర వేయగా దీపము తక్కువ వోల్టేజికే బాగుగ వెలిగెను. ఆ ఉప్పు విద్యుద్బంధకము! నేటి అనేక సెల్‌ఫోనుల తెరలు ఈ జాతి దీపములే. రెండు వస్తువుల గుణములు తెలిసినంతమాత్రమున అవి కలిసినచోటి గుణము తెలియదు. దానిని వేరుగా కొలువవలసినదే.