మురుగునీటిలో ఆక్సిజన్ లెక్క: బ్రిటన్ నదుల నుంచి మంజీర దాకా

ఒక కిలో చక్కెరను చెరువు నీటిలో కలిపామనుకోండి. అది విషం కాదు. నీటికి రంగు రాదు, వాసన రాదు. కాని ఆ చక్కెరను బాక్టీరియా పూర్తిగా విచ్ఛిన్నం చేయడానికి సుమారు 1.12 కిలోల ఆక్సిజన్ కావాలి. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ దాదాపు 8 మిల్లీగ్రాములే. అంటే, పైనుంచి గాలి అందకపోతే, ఆ ఒక్క కిలో చక్కెర లక్షా 40 వేల లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ను ఖాళీ చేయగలదు. అప్పుడు చేపలు చచ్చేది విషంతో కాదు, ఊపిరాడక. బెల్లానికి పేరుపడ్డ కామారెడ్డిలోనూ, నిజాంసాగర్‌కు దగ్గరలో ఉన్న ఎల్లారెడ్డిలోనూ చదువుకుంటున్న విద్యార్థులకు ఈ లెక్క పరాయిది కాదు.

నీటికి ఉన్న ఈ ఆకలినే జీవరసాయన ఆక్సిజన్ అవసరం, క్లుప్తంగా బి.ఒ.డి., అంటాం. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే నమ్మకమైన పద్ధతిని 1888లో హంగేరీ రసాయన శాస్త్రవేత్త వింక్లర్ ప్రకటించాడు. ఆ తరువాత పని సులువైంది. నమూనాను సీసాలో నింపి ఆక్సిజన్ కొలవాలి. మరో సీసాను గాలి చొరకుండా మూసి చీకట్లో ఉంచి, గడువు తీరాక కొలవాలి. రెండింటి తేడాయే బి.ఒ.డి. చీకటి ఎందుకంటే, వెలుతురు తగిలితే నాచు ఆక్సిజన్‌ను తయారుచేసి లెక్క తప్పిస్తుంది.

మరి గడువు ఎంత? దీన్ని తేల్చింది మురుగునీటి పారవేతపై 1898లో బ్రిటన్‌లో ఏర్పడిన రాయల్ కమిషన్. 1912 నాటి ఎనిమిదవ నివేదికలో ఐదు రోజులు, 65 డిగ్రీల ఫారన్‌హీట్ అని నిర్ణయించింది. బ్రిటన్ నదుల నీరు ఐదు రోజుల్లోపే సముద్రం చేరుతుంది కాబట్టి ఆ గడువు పెట్టారని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. శుద్ధి చేసిన మురుగునీటిలో బి.ఒ.డి. లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలియాడే ఘనపదార్థం 30 మిల్లీగ్రాములు మించరాదన్నది ఆ కమిషన్ ప్రమాణం. అయితే దానికి ఒక షరతు ఉంది: కలిసే నదిలో కనీసం ఎనిమిది రెట్లు శుభ్రమైన నీరు ఉండాలి. ప్రమాణం ప్రపంచమంతా తిరిగింది, షరతు మాత్రం చాలాచోట్ల వెనకే ఉండిపోయింది. వేసవిలో మన వాగుల్లో ఎనిమిది రెట్లు కాదు, సమానంగా కూడా నీరుండదు.

శుద్ధి విషయంలో మలుపు 1914లో వచ్చింది. మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ మురుగులోకి గాలి ఊదారు. అడుగున చేరిన బురదను పారవేయకుండా కొత్త మురుగులో మళ్లీ కలిపారు. బాక్టీరియాతో నిండిన ఆ బురద వారాల పనిని గంటల్లో ముగించింది. వారికి ఈ ఆలోచన అందించిన గిల్బర్ట్ ఫౌలర్ 1916లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు ఆచార్యుడిగా వచ్చాడు. అంటే ఈ విద్య మన దక్కనుకు ఆలస్యంగా రాలేదు, ఆలస్యమైంది అమలు. గాలి ఊదడానికి కరెంటు ఖర్చు ఎక్కువ. అందుకే బి.ఒ.డి. వేలల్లో ఉండే డిస్టిలరీ వ్యర్థాన్ని ముందు గాలి లేని ట్యాంకుల్లో కుళ్లబెట్టి, గ్యాసు తీసుకొని, మిగిలినదానికే గాలి ఊదుతారు.

మన దేశంలో జల కాలుష్య నివారణ చట్టం 1974లో, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లో వచ్చాయి. నదులు, చెరువుల్లోకి వదిలే వ్యర్థజలానికి సాధారణ పరిమితి 30 మిల్లీగ్రాములు, సాగుభూమికి 100. పరీక్ష మాత్రం చాలాకాలం 20 డిగ్రీల వద్ద ఐదు రోజులే. మన ఎండల్లో ఇంక్యుబేటరును అన్ని రోజులు చల్లగా ఉంచాలి. కరెంటు పోతే పరీక్ష పోయినట్లే. 1993లో భారత ప్రమాణాల సంస్థ 27 డిగ్రీలు, మూడు రోజుల పద్ధతిని ప్రమాణంగా తెచ్చింది. వేడిలో బాక్టీరియా వేగం పెరుగుతుంది కాబట్టి గృహ మురుగుకు రెండు ఫలితాలూ దగ్గరగానే ఉంటాయి. నా దృష్టిలో ఇది చిన్న సవరణ కాదు, కొలత మన వాతావరణానికి వచ్చిన రోజు.

అయినా ఒక చిక్కు మిగిలింది. ఈ పరీక్ష పట్టేది గృహ మురుగు మొత్తం ఆకలిలో మూడింట రెండు వంతులనే. మిగతాది బ్రిటన్‌లో సముద్రానికి పోయేది. మంజీర నీరు అలా పోదు. 1923–31 మధ్య అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన నిజాంసాగర్‌లో అది నెలల తరబడి నిలుస్తుంది. మిగిలిన ఆకలి తీరేది అక్కడే.

ఎగువన పటాన్‌చెరు ఉంది. అక్కడి పారిశ్రామిక వ్యర్థాలు ఇసుకవాగు, నక్కవాగుల ద్వారా మంజీరలో చేరాయి. 1990లో విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం మొదలైంది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని ప్రచురించారు. రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది ఎక్కువ. బి.ఒ.డి. పరీక్షలో పనివాళ్లు బాక్టీరియా. వాళ్లనే చంపే మందు సీసాలో ఉంటే ఆక్సిజన్ ఖర్చు కాదు, అంకె తక్కువగా వస్తుంది, నీరు శుభ్రమన్నట్లు కనిపిస్తుంది.

అందుకే రసాయన ఆక్సిజన్ అవసరాన్ని, అంటే సి.ఒ.డి.ని, పక్కనే చూడాలి. డైక్రోమేట్‌తో చేసే ఆ పరీక్షకు బాక్టీరియాతో పని లేదు. ఇళ్ల మురుగులో సి.ఒ.డి.లో సుమారు సగం బి.ఒ.డి. ఉంటుంది, ఈ నిష్పత్తి బాగా పడిపోతే అనుమానించాలి. ఇంకొక ఉపాయం కూడా ఉంది. ఒకే నమూనాను మూడు వేర్వేరు స్థాయిల్లో పలుచన చేసి బి.ఒ.డి. లెక్కకట్టండి. మామూలు మురుగుకు మూడు జవాబులూ దాదాపు ఒకటే వస్తాయి. పలుచన చేసేకొద్దీ జవాబు పెరుగుతూ పోతే, సీసాలో బాక్టీరియాను అణచివేసే పదార్థం ఉన్నట్లు.