పొదచాటు పులికి ఏ తుపాకీ?

1930 ఏప్రిల్ 11. చౌగఢ్ ఆడపులి జాడ వెతుకుతూ వేటగాడు జిమ్ కార్బెట్ కుమావూ కొండల్లోని ఒక ఎండు వాగులోకి దిగాడు. ఎడమ చేతిలో దారిలో దొరికిన రెండు పక్షి గుడ్లున్నాయి. కుడి చేతిలో రైఫిల్ ఉంది. పెద్ద బండను దాటి మలుపు తిరిగి వెనక్కి చూసేసరికి, ఎనిమిది అడుగుల దూరంలో పులి అతని కళ్లలోకే చూస్తోంది. రైఫిల్ గొట్టం మాత్రం మరో వైపు తిరిగి ఉంది. కదిలితే దూకుతుంది. కార్బెట్ ఒంటి చేత్తోనే రైఫిల్‌ను మెల్లమెల్లగా ముప్పావు చుట్టు తిప్పి, చెయ్యి చాచి మీట నొక్కాడు. తల్లీపిల్లా కలిసి 64 మందిని పొట్టన పెట్టుకున్న పులుల కథ అక్కడితో ముగిసింది.

తాను బతకడానికి మూడు కారణాలున్నాయని కార్బెట్ తర్వాత రాశాడు. చేతిలో గుడ్లుండటం వల్ల గభాలున రెండు చేతులతో తుపాకీ ఎత్తే ప్రయత్నం చేయలేదు. ఎదురుగా ఉన్నది మనిషి తిండి మరిగిన పులి. మూడోది, చేతిలో ఉన్నది తేలికపాటి రైఫిల్. బరువైనదైతే అలా తిప్పడం, ఒంటి చేత్తో పేల్చడం సాధ్యమయ్యేది కాదు.

పెద్ద మృగానికి పెద్ద తుపాకీ కావాలన్నది ఆనాటి వేటగాళ్లలో పాతుకుపోయిన నమ్మకం. కీకారణ్యం ఆ నమ్మకాన్ని మాటిమాటికీ పరీక్షకు పెట్టింది. ఆ పరీక్షే ఈ చరిత్ర.

పొగమందు కాలం

పందొమ్మిదో శతాబ్దం చివరి దాకా తుపాకుల్లో వాడింది నల్లటి తుపాకీ మందే. దానికున్న బలం పరిమితం. దెబ్బ గట్టిగా తగలాలంటే గుండు బరువు పెంచడమొక్కటే దారి. అందుకే ‘బోరు’ లెక్క చెల్లింది. పౌను సీసాన్ని ఎనిమిది సమాన గుండ్లుగా పోస్తే, అందులో ఒక గుండు పట్టే గొట్టం ఎనిమిది బోరు. నాలుగు బోరుదైతే ఒక్కో గుండు పావు పౌను, అంటే 110 గ్రాముల పైమాటే. సింహళంలో ఏనుగుల వేటతో పేరుపడ్డ శామ్యూల్ బేకర్ లాంటివాళ్లు ఇలాంటి తుపాకులు వాడారు. వాటిని మోయడానికి వెంట మనుషులుండాలి. పేలిస్తే భుజం అదిరిపోయేది.

అంతకన్నా పెద్ద కష్టం పొగ. మొదటి గుండు పేలగానే తెల్లటి పొగ కమ్మేసేది. గాలి ఆడని వెదురు డొంకల్లో అది కాసేపటి దాకా చెదరదు. జంతువు పడిందో, పారిపోయిందో, మీదికే వస్తోందో తెలిసేది కాదు. ఆ కొద్ది క్షణాల్లో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

1890ల్లో పొగరాని తుపాకీ మందు కార్డైట్ వచ్చాక లెక్కంతా మారిపోయింది. 1898లో లండన్ కంపెనీ జాన్ రిగ్బీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. గుండు చిన్నదైంది, వేగం బాగా పెరిగింది, పొగ పోయింది. కానీ కార్డైట్‌కు ఎండ పడదు. వేడెక్కిన తూటా పేలితే గొట్టంలో ఒత్తిడి పెరుగుతుంది, ఖాళీ డొల్ల ఇరుక్కుపోయి బయటికి రాదు. మన వేసవిలో పులి ఎదుట అలా జరిగితే అంతే సంగతులు. ఆ భయంతోనే ఈ తూటాలకు పొడవాటి పెద్ద డొల్లలు పెట్టి, ఒత్తిడి తక్కువగా ఉండేలా తయారుచేశారు.

సర్కారు తెచ్చిన మార్పు

తుపాకీ ఎంపికను అడవి ఒక్కటే నిర్ణయించలేదు. సైన్యం వాడిన మార్టినీ-హెన్రీ రైఫిళ్ల గుండు కూడా .450 కొలతదే. వేటగాళ్ల గుండ్లు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న అనుమానంతో బ్రిటిష్ ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో భారత్‌లోకి .450 రైఫిళ్ల దిగుమతిని నిషేధించింది. లండన్ తయారీదారులకు ఇండియా పెద్ద మార్కెట్. వదులుకోలేక .465, .470, .475 అంటూ వరసగా కొత్త కొలతలు పుట్టించారు. వాటిలో .470కి నేటికీ పేరుంది.

నిషేధం తగలని తూటా ఒకటుంది, .450/400. పేరులో 450 ఉన్నా గుండు మాత్రం .40 పైచిలుకు అంగుళాలదే. గుండు బరువు దాదాపు 26 గ్రాములు. పులికి సరిపోతుంది, అవసరమైతే అడవిదున్ననూ నిలువరిస్తుంది, మోయలేనంత బరువూ కాదు. కార్బెట్ దగ్గరున్న బరువు రైఫిల్ ఇదే, జెఫ్రీ కంపెనీ చేసిన జంట గొట్టాలది.

జంట గొట్టాలా? బోల్టా?

దట్టమైన అడవిలో మృగం కనబడేది పది గజాల్లో, ఇరవై గజాల్లో. దూరపు గురి అక్కడ అక్కరకు రాదు. కావలసింది రెండో దెబ్బ. జంట గొట్టాల రైఫిల్‌లో రెండు గొట్టాలకు రెండు మీటలు, రెండు వేర్వేరు యంత్రాలు. ఒకటి మొరాయించినా రెండోది పేలుతుంది. భుజం మీంచి దించక్కర్లేదు. తూటా మార్చే ‘టకటక’ చప్పుడు లేదు. గొట్టాలు పొట్టిగా ఉంటాయి కాబట్టి తీగలకు చిక్కుకోవు. వెలుగు చాలని చోట కనబడేలా ముందు గురిగింజకు దంతం ముక్క అమర్చేవారు, వెనక వెడల్పాటి ‘వి’ గాడి పెట్టేవారు. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు, ఎందుకంటే రెండు గొట్టాల గుండ్లూ ఒకేచోట తగిలేలా చేత్తో సరిచేసే పని అది.

బోల్టు రైఫిల్ చవక. మ్యాగజైన్‌లో తూటాలు ఎక్కువ పడతాయి. కానీ ప్రతి దెబ్బకూ బోల్టు లాగి నెట్టాలి. కార్బెట్‌కు పేరు తెచ్చిన .275 రిగ్బీ ఈ రకానిదే. చంపావత్ ఆడపులిని చంపినందుకు లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ హ్యూయెట్ బహూకరించాడని దాని మీద వెండి రేకు ఉంది.

మధ్యేమార్గం ఎంచుకున్నవాడు కెన్నెత్ ఆండర్సన్. 1910లో మన సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టి, బెంగళూరులో స్థిరపడ్డ వేటగాడు. తిరుపతి దగ్గరి మామండూరు, చామల లోయ పులుల వేట గురించి అతను రాసిన కథల్లో మన శేషాచలం అడవులు కనిపిస్తాయి. అతని ఆయుధం అమెరికన్ వించెస్టర్ మోడల్ 1895, కాలిబర్ .405. మీట కింది లీవర్‌ను కిందికి తోసి పైకి లాగితే చాలు, కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. 1909లో ఆఫ్రికా వెళ్లిన థియోడోర్ రూజ్‌వెల్ట్ సింహాల వేటకు మెచ్చుకున్న రైఫిల్ కూడా ఇదే.

గుండు ఎంపికా అంతే ముఖ్యం. పులి, చిరుతల చర్మం పలచన. మెత్తటి మూతి గుండు లోపలికి వెళ్లగానే విచ్చుకుని అక్కడికక్కడే పడేస్తుంది. అడవిదున్న భుజానికి అదే గుండు వాడితే పైకండరంలోనే చితికిపోతుంది. దానికి గట్టి తొడుగున్న గుండు కావాలి. తప్పు గుండు వేస్తే ఎంత ఖరీదైన రైఫిలైనా దండగే.

గాయం చేసిన హంతకి

వీటన్నిటి వెనకా ఉన్న అసలు ప్రశ్న ఒక్కటే: మృగం అక్కడే పడుతుందా, గాయంతో పొదల్లోకి పోతుందా? చంపావత్ పులి నేపాల్‌లోనూ కుమావూలోనూ 436 మందిని చంపిందని లెక్క. 1907లో అది చచ్చాక కార్బెట్ నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పైది సగానికి విరిగింది, కిందిది ఎముక దాకా పోయింది. ఎప్పుడో ఎవరో పేల్చిన తుపాకీ దెబ్బ అది. సహజమైన వేట చేతకాక ఆ పులి మనుషుల మీద పడింది. ఎవరో ఒకరు సరిగా పేల్చని ఒక్క గుండుకు వందల కుటుంబాలు బలయ్యాయి.

ఆ వేటకు కార్బెట్ మూడే తూటాలతో వెళ్లాడు. అవి అయిపోయాక పరుగెత్తి తహసీల్దారు తుపాకీ తీసుకుంటే, గొట్టాలకూ వెనక దిమ్మెకూ మధ్య సందు కనబడుతోంది. అయినా దాంతోనే ఇరవై అడుగుల దాకా వెళ్లి పేల్చాడు. పులి ప్రాణం తీసింది ఆ గుండు కాదు, అంతకుముందు తన రైఫిల్‌తో చేసిన గాయమే.

1938 నవంబర్ 30న, అరవై మూడేళ్ల వయసులో, కార్బెట్ మనుషుల్ని తినే ఠాక్ పులి కోసం బరువు రైఫిల్ పట్టుకుని ఇరుకు బండ అంచున కూర్చున్నాడు. రెండో గొట్టం పేలిన విసురుకు వెనక్కి తూలి, కింద కూర్చున్న మనుషుల మీద పడ్డాడు. పులి మాత్రం చచ్చింది. చౌగఢ్‌లో తేలిక తుపాకీ కాపాడింది, ఠాక్‌లో బరువు తుపాకీ పని పూర్తి చేసింది. చోటునూ దూరాన్నీ తన ఒంటి సత్తువనూ బట్టి ఎంచుకోవాలే తప్ప, అన్నిటికీ పనికొచ్చే రైఫిల్ లేదని ఈ రెండు ఘటనలూ చెబుతున్నాయి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వినోదపు వేట ముగిసింది. అది ముగియాల్సిందే. కానీ గాయపడ్డ మృగం సమస్య ముగియలేదు. నల్లమలలోనూ గోదావరి ఒడ్డు అడవుల్లోనూ ఉచ్చులు, కరెంటు తీగలు, నాటు తుపాకులు ఇంకా జంతువులను చంపుతున్నాయి, కుంటివాటిని చేసి వదులుతున్నాయి. పంది కోసం పన్నిన ఉచ్చులో కాలు పోగొట్టుకున్న చిరుత జింకను పట్టలేదు, ఊరి మేకను పడుతుంది. పాత వేటగాళ్లలో బాధ్యత తెలిసినవాడు గాయపడ్డ మృగాన్ని వదిలి ఇంటికి పోయేవాడు కాదు. ఉచ్చు పన్నినవాడు రాత్రికి రాత్రే మాయమవుతాడు. దాని ఫలితం కట్టెలకూ పుల్లలకూ అడవికెళ్లే ఆడవాళ్లు, పశువుల కాపర్లు అనుభవిస్తారు. అడవిలోని ఉచ్చులు ఏరివేసే పని అటవీ సిబ్బందిదే కాదు, అంచు గ్రామాల ప్రతి ఒక్కరిదీ.