చండశాసనుల కొలువు: మినాస్ తిరిత్ నుంచి వింటర్‌ఫెల్ దాకా

మాయలూ మంత్రాలూ నిండిన కల్పిత మధ్యయుగాల్లో, చిరునవ్వు ఎరగని యోధుడైన దొర ఒకడు తరచూ ఎదురవుతాడు. 1955లో వెలువడిన టోల్కీన్ నవల 'ద రిటర్న్ ఆఫ్ ద కింగ్'లో గోండార్ రాజధాని మినాస్ తిరిత్‌లో కొలువుండే రాజప్రతినిధి డెనెథార్ అలాంటివాడే. పైన సింహాసనం ఖాళీ. మెట్ల కింద నల్లరాతి కుర్చీలో ఆయన. రాజు లేక తొమ్మిది వందల ఏళ్లు దాటినా ఆ వంశంలో ఎవరూ మెట్లెక్కలేదు. వయసు మీదపడి ఒళ్లు మెత్తబడుతుందేమోనని రాత్రిపూట కూడా కవచం విప్పడు. అంతటి నిగ్రహశాలి, పెద్దకొడుకు బోరమిర్ పోయాక, జ్వరంతో స్పృహ తప్పిన చిన్నకొడుకు ఫారమిర్‌ను బతికుండగానే తనతోపాటు చితికెక్కించబోయాడు. బిడ్డను ఎలాగో కాపాడారు. తండ్రి కాలిపోయాడు.

నలభై ఏళ్ల తర్వాత, 1996లో, జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ తన నవలామాలిక మొదటి నవలలో వింటర్‌ఫెల్ కోట దొర ఎడ్డార్డ్ స్టార్క్‌ను తెచ్చాడు. శిక్ష విధించినవాడే కత్తి ఎత్తాలన్నది ఆయన నియమం; కాపలా వదిలి పారిపోయినవాడి తల తన చేత్తోనే నరికాడు. ఇంట్లో మాత్రం మెత్తని తండ్రి. (2001 సినిమాలో బోరమిర్‌గా, 2011 సీరియల్‌లో స్టార్క్‌గా వేసింది ఒక్క షాన్ బీనే. రెండుచోట్లా మొదటి భాగంలోనే ప్రాణం పోయింది.)

అసలు చండశాసనుడు 1998 నాటి రెండో నవలలో వచ్చాడు: స్టానిస్ బరాథియన్. అన్న రాబర్ట్ తిరుగుబాటు చేసినప్పుడు స్టార్మ్స్ ఎండ్ కోటను ఏడాదిపాటు నిలబెట్టినవాడు. గుర్రాలు, కుక్కలు, పిల్లులు, చివరికి ఎలుకలనూ తిన్నారు. అప్పుడు దొంగసరుకు చేరవేసే డావోస్ చీకట్లో కోటను ముట్టడించిన నౌకాదళం కళ్లుగప్పి ఉల్లిపాయలు, ఎండుచేపలు తెచ్చాడు. కోట బతికింది. స్టానిస్ అతనికి వీరపదవి, భూములు ఇచ్చి, పాత నేరాలకు ఎడమచేతి నాలుగు వేళ్ల కొసలు తెగ్గొట్టాడు. జమ జమే, ఖర్చు ఖర్చే. దొరే స్వయంగా నరికితే ఒప్పుకుంటానన్నాడు డావోస్, స్టానిస్ అలాగే చేశాడు. ఆ ఎముకలు సంచిలో మెడకు కట్టుకుని తిరిగే డావోసే ఆయనకు అందరికన్నా నమ్మినబంటు. ఫ్యాంటసీ సాహిత్యంలో న్యాయానికి ఇంతకన్నా ఇబ్బందిపెట్టే బొమ్మ నాకు తెలియదు.

రాజైన అన్న మాత్రం ఆ కోటను తమ్ముడు రెన్లీకి కట్టబెట్టాడు. ఈ అవమానాన్ని స్టానిస్ పళ్లు నూరుతూ మోశాడు. అన్న పోయాక, చట్టప్రకారం సింహాసనం తనదేనన్నాడు. మాట నిజమే. కానీ అందుకు ఎంచుకున్న దారి ఎర్రదుస్తుల మంత్రగత్తె మెలిసాండ్రె. అదే సింహాసనానికి పోటీపడిన రెన్లీని చంపింది ఆమె పుట్టించిన నీడ. నేరస్థుడి వేళ్లు లెక్కపెట్టి నరికినవాడు తమ్ముడి చావును ఏ పద్దులో రాసుకున్నట్టు? ఆయన కాఠిన్యం మీద నా గౌరవం ఇక్కడే సడలుతుంది. తర్వాత రాజధాని ముట్టడిలో ఓడి, ఉత్తరాన మంచుగోడ దగ్గర కాపలాదళాన్ని ఆదుకుని కొంత పరువు దక్కించుకున్నాడు.

2015లో సీరియల్ ఆయన్ని డెనెథార్ దారిలోనే నడిపించింది. గెలుపు కోసం కూతురు షిరీన్‌ను మంటకు అప్పగించాడు. ఈసారి బిడ్డను కాపాడినవాళ్లు లేరు. ఆ వెంటనే సైన్యమూ పోయింది, తానూ పోయాడు. ఈ ఘట్టం మార్టిన్ తమకు చెప్పిందేనన్నారు సీరియల్ కర్తలు. అయితే 2011 నాటి ఐదో నవల ముగిసేసరికి తండ్రి వింటర్‌ఫెల్ దారిలో మంచులో చిక్కుకుని ఉన్నాడు. కూతురూ మంత్రగత్తే గోడ దగ్గర ఉన్నారు. ఆ చితి పేర్చాల్సివస్తే ఆజ్ఞ ఎవరిది అవుతుందన్నదే, ఆరో నవల కోసం పదేళ్లకు పైగా ఎదురుచూస్తున్న పాఠకుల మధ్య తెగని వాదం.