రోహిణి కార్తెలో మంచు

తెలుగువానికి మంచు ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచే బొట్టూ మంచే, పుష్యమాసంలో పెన్న మీద కమ్ముకొనే పొగా మంచే, హిమాలయాల మీద పేరుకొన్న తెల్లని రాశీ మంచే. హిమము, తుహినము, తుషారము, నీహారము అని సంస్కృతం నుంచి ఎన్ని అరువు తెచ్చుకొన్నా వాటిని కావ్యాలలోనే భద్రంగా దాచి ఉంచాము. గట్టిపడిన నీటికి వాడుకలో స్థిరపడినది మాత్రం ఇంగ్లీషు మాట, ఐసు. మా కోవూరులో ఎవరినైనా మంచుగడ్డ కావాలని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి, "ఐసుగడ్డేనా?" అంటారు. ఒక వస్తువు పరాయి పేరుతో ఇంత గట్టిగా పాతుకొన్నదంటే అది పరాయి దారిన వచ్చి ఉండాలి. ఆ దారి ఏదో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

శీతల దేశాలలో కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకొని మంచు మీద జారే ఆట ఉన్నది. స్కీయింగ్ అంటారు. ఆ ఆట మరిగినవారికి చలికాలం చాలదు. మే, జూన్ నెలలలో కూడ జారగలిగిన మంచు ఎక్కడ మిగిలి ఉన్నదా అని వెదకుతూ ఉంటారు. ఆ వెదకులాటకు మూడే దారులు. మంచు ఉన్నచోటికి ఎక్కిపోవడం ఒకటి. శీతకాలపు మంచును వేసవి దాకా దాచుకోవడం రెండవది. లేనిచోట పుట్టించుకోవడం మూడవది. విచిత్రమేమంటే ఈ మూడు దారులనూ మన దేశం ఎప్పుడో తొక్కి చూచింది. అయితే ఆట కోసం కాదు, దాహం కోసం, జ్వరం కోసం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత చెప్పుకొనే మనకు ఆ కథ పరాయిది కాదు.

మంచు ఉన్నచోటికి పోయినవారిలో తెలుగు పాఠకునికి మొదట గుర్తుకు వచ్చేవాడు అల్లసాని పెద్దన గారి ప్రవరుడు. సిద్ధుడిచ్చిన పాదలేపంతో అరుణాస్పదపురం నుంచి హిమాలయానికి పోయాడు. అక్కడి మంచునీటికి పసరు కాస్తా కరిగిపోయింది, ఇల్లు చేరే దారి మూసుకుపోయింది. పదహారవ శతాబ్దపు కవికల్పనే అయినా అందులో ఒక లౌకిక సత్యం ఉన్నది. మనిషి మంచు దగ్గరకు ఎలాగో పోగలడు. తిరిగి రావడం, అందునా మంచును వెంటబెట్టుకొని రావడం, మహాకష్టం.

అదే శతాబ్దంలో అక్బరు పాదుషా ఆ కష్టాన్ని ధనంతో జయించాడు. ఆస్థానం లాహోరుకు తరలిన తరువాత ఉత్తరపు కొండల నుంచి మంచును పడవల మీద, బండ్ల మీద, మనుషుల మీద తెప్పించుకొనేవాడు. అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో ఈ ఏర్పాట్లన్నీ వివరంగా వ్రాశాడు. రూపాయికి రెండు మూడు సేర్ల మంచు వచ్చేదట. ప్రభువర్గం వారు ఏడాది పొడుగునా వాడేవారు, తక్కినవారు వేసవిలో. మంచు అందని చోట్ల సురేకారం కలిపిన నీళ్ళలో కూజాను తిప్పి మంచినీళ్ళు చల్లబరిచేవారు.

మూడవ దారి, అంటే పుట్టించుకోవడం, సామాన్యుల తెలివి. 1775లో సర్ రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషు సేనాని లండను రాయల్ సొసైటీ పత్రికలో దీనిని వర్ణించాడు. అలహాబాదు ప్రాంతంలో పనివారు లోతు తక్కువ గుంటలు తవ్వి, అడుగున ఎండిన చెరకు గడలో, మొక్కజొన్న చొప్పో మందంగా పరచి, దాని మీద చిన్న మట్టి మూకుళ్ళను వరసగా పేర్చేవారు. కాచి చల్లార్చిన నీళ్ళు సాయంకాలం పోస్తే, తెల్లవారకముందే వాటిలో ఐసు తేలేది. విశేషమేమంటే, చుట్టూ ఉన్న గాలి ఆ రాత్రి గడ్డకట్టేంత చల్లబడి ఉండనక్కరలేదు. నిర్మలమైన ఆకాశంలోకి నీరు తన వేడిని వెదజల్లుతుంది, కింది చొప్ప నేలలోని వేడిని పైకి రానివ్వదు. గడ్డిపరక మీద మంచుబొట్టు ఏర్పడేదీ ఇలా వేడిని కోల్పోవడం వల్లనే. ఆ సంగతిని 1814లో విలియం చార్లెస్ వెల్స్ తన గ్రంథంలో నిరూపించాడు. బొట్టుకూ గడ్డకూ ఒకే మాట వాడే మన భాషను చూచి నవ్వనక్కరలేదన్నమాట!

అయితే ఈ ఉపాయం మన తీరంలో సాగేది కాదు. పొడిగాలి, నిర్మలాకాశం, గట్టి చలి, ఈ మూడూ ఒక్క రాత్రి కలిసి రావాలి. సముద్రపు తేమగాలి వీచే మద్రాసు, నెల్లూరు ప్రాంతాలకు ఆ యోగం లేదు. కొండలూ దూరమే. మూకుళ్ళూ పనికి రావు, పాదుషా గారి పడవలూ రావు. ఇక మిగిలినది ఎక్కడో గడ్డకట్టిన చెరువును కోసి తేవడం.

ఆ పని చేసినవాడు బోస్టను నగరపు ఫ్రెడరిక్ ట్యూడర్ (1783-1864). 1806లో తొలిసారి మార్టినిక్ దీవికి ఐసు పంపినప్పుడు ఊరంతా నవ్వింది. తరువాత అప్పుల పాలై జైలుకు కూడ పోయాడు. పట్టు వదలలేదు. 1825లో నథానియల్ వైయెత్ గుర్రాలు లాగే ఐసుకోత నాగలిని తయారుచేయడంతో గడ్డలన్నీ ఒకే కొలతలో తెగసాగాయి, ఓడలో సందు లేకుండా పేర్చడం సాధ్యమైంది. రెండవ రహస్యం రంపపు పొట్టు. కలప మిల్లుల దగ్గర ఎవరికీ అక్కరలేక గుట్టలుగా పడి ఉండే ఆ పొట్టును ఐసు చుట్టూ కూరితే, పొట్టులో చిక్కుకొన్న గాలి వేడిని లోపలికి రానివ్వదు.

1833 మే 12న టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల ఐసుతో బోస్టనులో బయలుదేరింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలల తరువాత సెప్టెంబరులో కలకత్తా చేరేటప్పటికి సుమారు 100 టన్నులు మిగిలే ఉన్నది. ప్రభుత్వం ఆ సరకుకు సుంకం మినహాయించింది, రాత్రిపూట దించుకొనే అనుమతి ఇచ్చింది. గవర్నరు జనరలు బెంటింకు ఆ వ్యాపారంలో భాగస్థుడైన రోజర్సుకు బంగారు పూత వేసిన వెండి పాత్ర బహూకరించాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో ఐసు నిలవకు ప్రత్యేకంగా భవనాలు లేచాయి. మద్రాసు తీరాన గుండ్రని ముఖంతో కట్టిన ఐసు హౌసు 1842 నాటిది. మూడింటిలో నేటికీ నిలిచి ఉన్నది అదొక్కటే.

మద్రాసుకు అప్పుడు రేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేస్తే సరకునూ మనుషులనూ మసూలా పడవలే ఒడ్డుకు చేర్చేవి. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టిన పడవలవి. అలల దెబ్బకు వంగుతాయి గాని విరగవు. బోస్టను దగ్గరి చెరువు గడ్డ సుమారు 15,000 మైళ్ళు ప్రయాణం చేసి, చివరి అర మైలు ఈ తీరపు బెస్తల పడవలోనే దాటింది. హెన్రీ థోరో 1846-47 శీతకాలంలో వాల్డెన్ చెరువు మీద ఐసు కోయడం కళ్ళారా చూచి, తన బావి నీరు మద్రాసు, కలకత్తా వాసులు తాగుతున్నారని తలచుకొని మురిసిపోతూ వ్రాశాడు. ఆ పుస్తకం 1854లో వెలువడింది. కోసినచోట ఒక తత్త్వవేత్త ఉండి వ్రాశాడు. దించినచోట చేతులు కొంకర్లు పోతుండగా జన్మలో ఎరుగని చలిని భుజాన మోసిన కూలీలు ఏమనుకొన్నారో వ్రాసినవారు లేరు. ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటె బాధించే ఖాళీ అదే.

ఇంతకూ ఆ ఐసు నెల్లూరు దాకా రాగలిగేదా? లెక్క వేసి చూడండి. మద్రాసు నుంచి నెల్లూరు సుమారు 175 కిలోమీటర్లు. రైలు అప్పటికింకా రాలేదు. ఎద్దుబండి రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచినా వారం రోజులు. నాలుగు నెలల ఓడ ప్రయాణాన్ని తట్టుకొన్న ఐసు ఈ వారం రోజుల బండి ప్రయాణాన్ని తట్టుకోలేదు. కారణం దూరం కాదు, రాశి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గడ్డలో ఒక ఘనపుటడుగు ఐసుకు ఆరు చదరపుటడుగుల ఒళ్ళు ఎండకు దొరుకుతుంది. అదే పదేసి అడుగుల గుట్ట పోస్తే వెయ్యి ఘనపుటడుగుల ఐసుకు దొరికే ఒళ్ళు ఆరువందల చదరపుటడుగులే. అంటే ఘనపుటడుగుకు పదో వంతు. గుట్ట పెరిగినకొద్దీ కరుగు తగ్గుతుంది. రెండు వందల టన్నులు ఓడకెత్తగలిగినవాడికి చలువ సముద్రాలు దాటి వస్తుంది. అర టన్ను బండికెత్తేవాడికి ఊరి పొలిమేర దాటేలోగా నీళ్ళయి కారిపోతుంది. ఇది ప్రకృతి సూత్రమే గాని, చరిత్రలో ఎవరికి చల్లని నీళ్ళు దొరికాయో, ఎవరికి దొరకలేదో కూడ ఇదే చెబుతున్నది.

1874లో మద్రాసులో ఆవిరి యంత్రాలతో ఐసు తయారుచేసే కంపెనీ వెలసింది, 1878లో కలకత్తాలో. దానితో ఓడల ఐసుకు కాలం చెల్లింది. ఖాళీ అయిన ఐసు హౌసును బిళిగిరి అయ్యంగారు అనే వకీలు కొని క్యాజిల్ కెర్నన్ అని పేరు పెట్టాడు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద అక్కడ బస చేశారు. తరువాత సోదరి సుబ్బలక్ష్మి నడిపిన బాలవితంతువుల వసతిగృహానికి అది నీడనిచ్చింది. 1963లో ప్రభుత్వం దానికి వివేకానందుని పేరు పెట్టింది. అయినా ఆ పేటను నేటికీ చెన్నపట్నంలో ఐసు హౌసు అనే పిలుస్తారు. ఐసు కరిగిపోయి నూట నలభై ఏళ్ళు దాటినా పేరు కరగలేదు.

ఇప్పుడు మళ్ళీ స్కీయింగ్ వారి దగ్గరకు వద్దాం. స్విట్జర్లాండులోని దావోసులో చలికాలపు మంచును గుట్టగా పోసి, 40 సెంటీమీటర్ల మందాన రంపపు పొట్టు కప్పి, వేసవి గడిచిన తరువాత పొట్టు తీసి దారిగా పరుస్తున్నారు. అక్కడి పరిశోధకులు 2018లో ప్రకటించిన కొలతల ప్రకారం గుట్టలో నాలుగింట మూడు వంతులు మిగిలింది. 2014 సోచి ఒలింపిక్సుకు కూడ ముందటి చలికాలాల మంచును ఇలాగే కప్పిపెట్టి ఉంచారు. అమెరికాలోని హుడ్ పర్వతం మీద పామర్ మంచుమైదానంలో వేసవిలో ఉప్పు చల్లుతారు. ఉప్పు కొంత మంచును కరిగిస్తూ చుట్టుపక్కల వేడిని లాగేసుకొంటుంది, దానితో మెత్తబడిన మంచు మళ్ళీ గట్టిపడి జారడానికి వీలవుతుంది. మరతో ఐస్‌క్రీము తిప్పేవాడు పీపాలో ఐసు మీద ఉప్పు చల్లేదీ ఈ సూత్రం మీదనే. 2004లో హైదరాబాదులో స్నో వరల్డు, 2005లో దుబాయిలో స్కీ దుబాయి మొదలయ్యాయి. అవి మూడవ దారి. అలహాబాదు మూకుళ్ళు నిర్మలాకాశాన్ని నమ్ముకొంటే, ఇవి కరెంటును నమ్ముకొన్నాయి.

మా కోవూరు వైపు చూస్తే ట్యూడరు విద్య ఇంకా సజీవంగానే ఉన్నది. ఇక్కడ రంపపు పొట్టు పని వరి ఊక చేస్తుంది. పెళ్ళిళ్ళకు తెచ్చిన ఐసు దిమ్మెను ఊకలో పొర్లించి గోనెపట్టా చుట్టి నీడన పెట్టడం ఎవరూ బడిలో నేర్పలేదు. మైపాడు, రామతీర్థం తీరాలలో చేపకు వెల ఉండాలన్నా, చెరువులో పట్టిన రొయ్య లారీ ఎక్కాలన్నా ఐసు ఉండాలి. వేట ఎంత పడినా ఐసు దొరకని రోజున వచ్చిన ధరకు ఇచ్చుకోవలసిందే. నూట ఎనభై ఏళ్ళ క్రితం దొరల గ్లాసులలో తేలిన వస్తువు ఇప్పుడు బెస్తవాని బతుకుతెరువు అయింది. దీనిని నేను చిన్న మార్పు అనుకోను.

కాని ఇంకొక మార్పు కూడ జరుగుతున్నది. స్విట్జర్లాండులో రోన్ హిమానీనదం కరిగిపోకుండా వేసవిలో దాని మీద తెల్లని దుప్పట్లు కప్పుతున్నారు. అకాలంలో మంచును వెదకడం ఒకప్పుడు విలాసం. ఇప్పుడు కాలంలోనే మంచు నిలవని రోజులు వస్తున్నాయి. రాశి పెద్దదైతే కరగదన్న ధీమా హిమాలయాలకూ చెల్లకపోతే, గంగా సింధు మైదానాలలో ఆ నీటిని నమ్ముకొన్న కోట్లమందికి ఏ ఊక కప్పగలం?

మీ మీ ఊళ్ళలో మొదటి ఐసు ఫ్యాక్టరీ ఎప్పుడు వచ్చిందో, అంతకు ముందు జ్వరం వచ్చినవాని నుదుటి మీద ఏమి వేసేవారో, ఇంట్లో పెద్దలు ఉంటే అడిగి వ్రాయండి. ఐసుకు వ్రాతకారులు లేక ఒక తరం కథ ఇప్పటికే కరిగిపోయింది. మిగిలినదానినైనా కాస్త ఊకలో పెట్టి దాచుకొందాం.